రెక్కల అమ్మాయి ముక్కు

ఫోన్ మోగే సమయానికి తిర్జా చేతులు రెండూ మణికట్టు దాకా పిండిలో ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం. సాయంత్రం దీపాలు వెలిగించి సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం, మొదలయ్యేలోగా రొట్టెలు ఓవెన్‌లోంచి బయటికి రావాలి. పెళ్లయి పదకొండు వారాలైంది. మొదటి వారం రొట్టెలు ఇటుకల్లా వచ్చాయి. ఎల్కానా వాటిని సూప్‌లో నానబెట్టుకుని, "పళ్లకి మంచి వ్యాయామం" అంటూ రెండో ముక్క కూడా అడిగి తిన్నాడు. ఈ వారం మాత్రం పిండి చెవితమ్మెలా మెత్తగా కుదిరింది. వేలితో నొక్కితే మెల్లగా పైకి లేస్తోంది. నొక్కడం, అది లేస్తుంటే చూసి మురిసిపోవడం, మళ్లీ నొక్కడం. పావుగంటగా తిర్జాకి ఇదే పని.

"నీ ఫోనే. ఎఫ్రత్ అట," అన్నాడు ఎల్కానా.

"చెవి దగ్గర పెట్టు. చేతులు చూస్తున్నావుగా."

పెట్టనక్కర్లేకపోయింది. బడి వాలీబాల్ జట్టు కెప్టెన్ ఎఫ్రత్ అరుపు వంటింటి అవతలికి కూడా వినిపించింది.

"టీచర్! లోద్ వాళ్లు ఓడిపోయారు! పొద్దున ఆటలో! మూడో సెట్టులో చిత్తుచిత్తుగా!"

"ఎవరి చేతిలో?"

"ఎవరి చేతిలో అయితేనేం టీచర్! పాయింట్ల పట్టికలో మనమే పైన! మనమే చాంపియన్లం! మంగళవారం కప్పిస్తారట! హాల్లో అద్దాల బీరువా తుడిచెయ్యమంటారా?"

తిర్జా ఏమందో తనకే తెలియదు. తెలిసేసరికి ఎల్కానా మెడ చుట్టూ చేతులున్నాయి, అతని ఇస్త్రీ తెల్లచొక్కా వీపు మీద పదివేళ్ల పిండి అచ్చులున్నాయి.

"సబ్బాతుకి ఇదొక్కటే చొక్కా," అన్నాడతను, ఆమెని వదలకుండానే.

"ఇలాగే తొడుక్కో. చాంపియన్ మొగుడివని అందరికీ తెలుస్తుంది."

ఆ అద్దాల బీరువా బడి ముందు హాల్లో ఉంది. తిర్జా అక్కడ ఆటల టీచరుగా చేరి నాలుగేళ్లయింది. చేరిననాడు అందులో ఒక ప్లాస్టిక్ పూలకుండీ, ఎవరో మర్చిపోయిన మఫ్లరూ ఉన్నాయి. ఇప్పటికీ అవే ఉన్నాయి. పొడుగు పావడాల్లో వాలీబాల్ ఆడే పిల్లల్ని చూసి అవతలి జట్లు ముసిముసిగా నవ్విన మొదటి రోజున, తిరుగు ప్రయాణంలో బస్సులో ఆమె ఒక మాటిచ్చింది: "ఆ బీరువాలో కప్పు పెట్టించి తీరతాను. మీరు ఆడండి, మిగతాది నాకు వదిలెయ్యండి." పిల్లలు ఆడారు. ఇక మిగిలింది తన వంతు.

తిర్జా రొట్టెల పిండిని జడలుగా అల్లుతుండగా ఎల్కానా ఫోన్లో పోయినేడాది కప్పు ఫొటో వెతికి పట్టాడు. అతను పొద్దున పూట ధర్మగ్రంథాలు చదువుకుంటాడు, మధ్యాహ్నం నుంచి కళ్లజోళ్ల కొట్లో పనిచేస్తాడు. ఏ వస్తువునైనా ముక్కుకి ఆనించుకుని చూడటం రెండు పనులూ కలిసి నేర్పిన అలవాటు. చూసి, ఫోన్‌ని ఇంకొంచెం దగ్గరికి లాక్కుని కనుబొమలు ముడిచాడు. తిర్జా అల్లడం ఆపింది.

"ఏంటి?"

"ఇది గిన్నె కాదు తిర్జా. బొమ్మ."

ఆమె పిండిచేతులతోనే వంగి చూసింది. నాలుగేళ్లుగా మైదానం ఆ చివర బల్ల మీద బంగారు మెరుపుగానే చూసిన వస్తువు అది. దగ్గరగా చూస్తే, మూరెడు ఎత్తు అమ్మాయి. వీపున రెక్కలు, చేతిలో ఆకుల దండ, గాలికి ఎగిరే బట్టలు. కళ్లు, చెవులు, వేళ్లు, నిటారుగా చక్కని ముక్కు. ఒక్కటీ తక్కువ లేదు.

"పూర్తి మనిషి," అన్నాడు ఎల్కానా మెల్లగా. "అదీ రెక్కలతో. ఒకప్పుడు గ్రీకులు పూజించిన విజయదేవతలా ఉంది."

తిర్జా చిన్నప్పుడు ఆమెకో బొమ్మ ఉండేది, పేరు పెర్లా. టర్కీలోని ఇజ్మీర్ నుంచి వచ్చిన నోనా, అంటే వాళ్లమ్మమ్మ, దుకాణం నుంచి తెచ్చిన రోజే కూరగాయల కత్తితో దాని ముక్కు కొన కోసేసి ఇచ్చింది. పూర్తి మనిషి రూపం ఇంట్లో ఉంటే విగ్రహం పెట్టుకున్నట్టే, ఏదో ఒకటి తక్కువ కావాలి. ఆ వీధిలో అందరి ఇళ్లలోనూ అంతే. అయిదేళ్ల వయసులో ఒకసారి వేరే ఊరు వెళ్లినప్పుడు అక్కడి పిల్ల చేతిలో నిండుముక్కు బొమ్మని చూసి తిర్జా బెంగపడింది. పాపం, దీన్ని ఇంకా తయారుచెయ్యడం పూర్తి కాలేదనుకుని, ఆ పిల్లకి సాయం చేద్దామని కత్తి అడిగింది. ఆ ఇంటివాళ్లు మళ్లీ వాళ్లని పిలవలేదు.

సబ్బాతంతా ఎల్కానా పుస్తకాల్లో తలదూర్చి, సాయంత్రానికి ముగ్గురు పండితుల మాటలు పట్టుకొచ్చాడు. ఈ రోజుల్లో ఎవరూ ఇలాంటి బొమ్మలకి మొక్కరు కాబట్టి బహుమతిగా వచ్చినవి ఉంచుకోవచ్చని ముగ్గురూ రాశారు. తిర్జా అతని నుదుటి మీద ముద్దుపెట్టి, ఆ మూడు పేజీ నంబర్లూ వల్లెవేసుకుంది. సబ్బాతునాడు రాయకూడదు గనక, అది ముగిసి ఆకాశంలో మూడు చుక్కలు కనిపించాకే కాగితం మీద పెట్టింది.

ఆదివారం పొద్దున బడిని నడిపే మతగురువు రబ్బీ హనానెల్ తన గదిలో బ్లేడుతో చిన్నపిల్లల పెన్సిళ్లు చెక్కుతున్నారు. మరమీద చెక్కితే ములుకు విరుగుతుందని ఆయన నమ్మకం. తిర్జా కాగితం ఆయన ముందు పెట్టింది. ఆయన చదివి, తలూపారు.

"మీ ఆయన సరైనవే పట్టుకొచ్చాడమ్మా. ముగ్గురూ గొప్పవాళ్లు. మీ ఇంట్లో ఆ కప్పు పెట్టుకుంటే నేనొచ్చి దాని పక్కనే కూర్చుని టీ తాగుతాను."

"మరి ఇక్కడ?"

ఆయన పెన్సిలు పక్కన పెట్టి కిటికీ చూపించారు. కింద శిశుతరగతి పిల్లలు బొమ్మల్ని వరసగా పడుకోబెట్టి జోకొడుతున్నారు. ముప్ఫై బొమ్మలు, ఒక్కదానికీ ముక్కు కొన లేదు.

"ఈ బడి మొదలైన రోజు నుంచీ అంతే. ఇప్పుడు ఆ ఆరేళ్ల పిల్ల వచ్చి, 'నా బొమ్మకి ముక్కు కోశారు, పెద్దక్కల బంగారు బొమ్మకి ఎందుకు కొయ్యలేదు' అని అడిగితే నేనేం చెప్పను? గెలిస్తే నియమం ఉండదు తల్లీ అని చెప్పనా?"

 ఆ మాట న్యాయంగా ఉండటమే తిర్జాకి కష్టంగా ఉంది.

"అయితే చిన్న గీత పెడదాం రబ్బీ గారూ. ముక్కు మీద, కనపడీ కనపడకుండా."

"కప్పు ఎవరిది?"

"లీగ్‌ది. ఏడాదికో బడికి తిరుగుతుంది."

"మనది కాని వస్తువు మీద కత్తి ఎలా పెడతావు? విగ్రహం తప్పు తప్పించుకోబోయి, ఊరివాళ్ల సొమ్ము పాడుచేసిన తప్పులో పడతాం."

"గుడ్డ కప్పి పెడదాం."

"మూట గెలిచామని చెప్పుకుందామా?"

తిర్జాకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "మనం తీసుకోకపోతే రెండో స్థానం వాళ్లకిస్తారు రబ్బీ గారూ. నియమాల్లో అలా ఉంది. నాలుగేళ్లు ఆడారండీ ఈ పిల్లలు. ఆ బీరువాకి నేను మాటిచ్చాను."

"బీరువాకా, పిల్లలకా?"

"ఇద్దరికీ."

 ఆయన ఇంకో పెన్సిలు అందుకున్నారు. "ఇప్పుడది ఎక్కడుంది?"

"రమ్లాలో. పోయినేడాది గెలిచిన క్రైస్తవ బడిలో."

"ఫొటోలో చూసి తీర్పు చెప్పేవాణ్ని కాదు నేను. నువ్వు వెళ్లు. కళ్లారా చూడు. వేలో, చెవో, ఏదైనా తక్కువుంటే నాకు చెప్పు. ఒకటి మాత్రం గుర్తుంచుకో." బ్లేడు ఆమె వైపు చూపించారు. "లోపం ఉంటే చూసి రా. లోపం చేసి రాకు. ఎవరి చేతా చేయించి రాకు."

సోమవారం మధ్యాహ్నం బస్సులో తిర్జా పర్సులో ఎల్కానా పెట్టిన భూతద్దం ఉంది, కొట్లో అరువు తెచ్చింది. దాని చుట్టూ చుట్టిన చీటీలో "ఎడమ చెవి వెనక కూడా చూడు, ప్రియతమా" అని రాసి ఉంది. ఆ చీటీని ఆమె దారిపొడుగునా నాలుగుసార్లు చదివింది. దిగేటప్పటికి ఆ కప్పుని బడి బీరువాకి చేర్చి తీరాలని గట్టిగా అనుకుంది. ఎలాగన్నది మాత్రం తెలియలేదు.

సల్వా గారు ఆ బడిలో ఇరవయ్యారేళ్లుగా ఆటలు నేర్పిస్తున్నారు. ఈ ఏడాదితో ఉద్యోగం అయిపోతుంది. మైదానంలో గట్టిగా ఈల వేసి, ఓడినా గెలిచినా అవతలి పిల్లల బుగ్గలు పుణికే మనిషి. ఇవాళ మాత్రం ఎదురొచ్చి కూర్చోబెట్టిన తీరులో ఏదో తొందర ఉంది.

"రేపు ఎలాగూ ఇచ్చేస్తాంగా తల్లీ, ఇంతదూరం ఇవాళే ఎందుకొచ్చావు? తాగు, గాజుకి మీకు పట్టింపు లేదుగా, గాజు గ్లాసులోనే పోశాను. తినడానికి మావి ముట్టవని తెలుసు, అందుకే నారింజలు తెప్పించా. వలుచుకో."

ఏలకుల కాఫీ వాసన గదంతా నిండింది. "కప్పు ఒకసారి చూద్దామని వచ్చానండీ," అంది తిర్జా.

"చూడటానికేముంది, కప్పు కప్పులాగే ఉంది."

"దగ్గరగా చూడాలి."

సల్వా గారు బీరువా తాళం తీసి, మెత్తని గుడ్డలో చుట్టిన బొమ్మని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద నిలబెట్టారు. తిర్జా భూతద్దం తీసింది. కాలి వేళ్లు పది. చేతి వేళ్లు పది. చెవులు రెండు, ఎడమ చెవి వెనక కూడా నున్నగా ఉంది. రెక్కల్లో ఒక్క ఈక విరగలేదు. ఒక్కో అవయవం లెక్క సరిపోతున్నకొద్దీ ఆమె ఆశ తరిగిపోతోంది. చివరికి ముఖం దగ్గరికొచ్చింది. ముక్కు నిటారుగా, కొనదేలి, అందంగా ఉంది. దాని మీద భూతద్దం చాలాసేపు ఆగింది.

"నీకెవరు చెప్పారు?" అన్నారు సల్వా గారు హఠాత్తుగా.

తిర్జా తలెత్తింది. ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

"ఏంటండీ?"

"తెలియనట్టు మాట్లాడకు. తిన్నగా ముక్కు మీదే పెట్టావు అద్దం. మా పిల్లలెవరైనా మీ పిల్లలకి చెప్పారా?" ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "ఈస్టర్ ముందు బీరువా సర్దుతుంటే పైనుంచి జారి పడిందమ్మా. పిల్లల తప్పు కాదు, నా చేతిలోంచే. ముక్కు కొన ఎగిరిపోయింది. గదంతా ఊడ్చాం, దొరకలేదు. మా మరిది పళ్ల సెట్లు తయారుచేస్తాడు. అతని చేత ముక్కు పోత పోయించి, బంగారు రంగు వేయించి అంటించాను. అది ముక్కు కాదు తల్లీ, కట్టుడు పన్ను!"

 తిర్జాకి నవ్వొచ్చింది. ఆపుకోబోతే ఎక్కువైంది. నారింజ చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది.

"నవ్వు, నవ్వు. ఇరవయ్యారేళ్లకి ఒక్కసారి గెలిచి, ఇంటికెళ్లిపోయే ముందు దాని ముక్కు విరగ్గొట్టిన దాన్ని. ఎందుకు నవ్వవు?"

"అయ్యో, మిమ్మల్ని చూసి కాదండీ! మా ఇంట్లో..." తిర్జా కళ్లు తుడుచుకుని, పెర్లా సంగతి చెప్పింది. నోనా కత్తి, శిశుతరగతి ముప్ఫై బొమ్మలు, రబ్బీ గారి పెన్సిళ్లు, బీరువా, పిల్లలకిచ్చిన మాట, అన్నీ చెప్పింది. సల్వా గారు నోరు తెరిచి విన్నారు.

"అంటే మీరు... కావాలని కోస్తారా? కొత్త బొమ్మలకి?"

"మొదటి రోజే."

"నేను ఈ ముక్కు కోసం మూడు వారాలు నిద్ర మానుకున్నాను!" సల్వా గారు బల్ల మీద చరిచారు. ఆ వెంటనే బొటనవేలి గోరు బొమ్మ ముఖం మీదికి వెళ్లింది. "అయితే ఇదిగో, పీకేస్తున్నా. తీసుకుపో!"

"వద్దు!"

ఆ అరుపుకి ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగింది.

తిర్జాకి తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కావలసింది వేలెడు దూరంలో ఉంది. గోరు ఒక్కసారి కదిలితే చాలు. రేపు బీరువా నిండుతుంది, పిల్లలు గంతులేస్తారు, ఎవరూ అడగరు. కానీ బ్లేడు చూపించి చెప్పిన మాట చెవిలోనే ఉంది. శిశుతరగతి పిల్లకి చెప్పలేని పని పెద్దపిల్లల కోసం చెయ్యకూడదని ఆదివారమే ఒప్పుకుంది కదా.

"నా కోసం మాత్రం తియ్యకండి సల్వా గారూ. నేను చేయించకూడదు. అదీ కాక, లీగ్‌కి ఇంకా తెలియదు. విరిగిందని వాళ్లకి చెప్పకుండా మా బడికి తెచ్చుకుంటే, మేం దొంగముక్కుని పట్టుకెళ్లినట్టే."

"చెబితే ఆ ద్రోరా ఊరుకుంటుందా? లీగ్ కార్యదర్శి అంటే మాటలా? కప్పు బాగుచేయించడానికి పంపించేస్తుంది. కొత్త ముక్కుతో నున్నగా తిరిగొస్తుంది. అప్పుడు నీ బీరువా ఏమవుతుంది?"

అదే అసలు భయం. తిర్జా వంగి, బల్ల కిందికి దొర్లిన నారింజ తీసి పైన పెట్టింది.

"ఏమవుతుందో తెలియదండీ. అయినా చెప్పాల్సిందే. మీరు ఒంటరిగా చెప్పొద్దు, నేను మీ పక్కన నిలబడతాను. 'ఈ ఏడాది దీన్ని ఉంచుకునేది మేము. మాకు ఇలాగే కావాలి, బాగుచెయ్యొద్దు' అని అడుగుతాను. ఆవిడ కాదంటే మళ్లీ అడుగుతాను. మూడేళ్లు ఓడిపోయినదాన్ని, అడగడానికి నాకు సిగ్గు లేదు."

 బయట మైదానంలో ఎవరో బంతి గోడకేసి కొడుతున్నారు. సల్వా గారు బొమ్మని తనవైపు తిప్పుకుని, దాని ముఖంలోకి చూశారు.

"ఇరవయ్యారేళ్లు పిల్లలకి ఒకటే చెప్పాను," అన్నారు. "బంతి గీత దాటి బయట పడితే, రిఫరీ చూడకపోయినా నువ్వే చెయ్యెత్తి చెప్పు అని. నా బంతి బయట పడ్డప్పుడు మాత్రం రంగు పూసుకుని కూర్చున్నాను." ఆవిడ తిర్జా వైపు వేలు చూపించారు. "నీ కోసం కాదు, విన్నావా? మీ రబ్బీ కోసం అసలే కాదు. దాచడానికి నేను అంటించింది నేనే తీస్తున్నా. నువ్వు అటు తిరుగు."

తిర్జా కిటికీ వైపు తిరిగి, రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది. వెనక 'టిక్' మని చిన్న చప్పుడు.

"చూడు."

బల్ల మీద బటాణీ గింజంత బంగారు ముక్క పడి ఉంది. రెక్కల అమ్మాయికి ముక్కు కొన లేదు. పెర్లాకి ఉన్నట్టే, సరిగ్గా అక్కడే. ఇప్పటిదాకా ఎవరో పరాయిదానిలా కనిపించిన ఆ ముఖం తిర్జాకి ఉన్నట్టుండి తమ వీధి పిల్ల ముఖంలా అనిపించింది.

రబ్బీ గారికి అక్కణ్నుంచే ఫోన్ చేసింది. ఆయన మొత్తం విన్నారు.

"నువ్వు చెయ్యి పెట్టావా?"

"నా చేతులు జేబుల్లో ఉన్నాయి."

"ఆవిణ్ని తియ్యమని అడిగావా?"

"వద్దని అరిచానండీ!"

"నిజమేనండీ, నేను సాక్షిని, చెవులు గింగురుమన్నాయి!" అన్నారు సల్వా గారు పక్కనుంచి.

ఫోన్లో చిన్న దగ్గు. నవ్వు దాచుకోవడానికి రబ్బీ గారు దగ్గుతారని బడిలో అందరికీ తెలుసు. "ఎంత పోయింది?"

"బటాణీ గింజంత."

"బటాణీ గింజంత చాలు. ఇక ఆ కార్యదర్శి గారిని ఒప్పించడం నీ వంతు. బీరువా తాళంచెవి నా దగ్గరుంది, తుప్పు పట్టింది. నూనె వేసి ఉంచుతాను."

బస్సు ఎక్కేముందు తిర్జా ఎఫ్రత్‌కి ఫోన్ చేసింది. అవతల పిల్లలందరూ ఒకే ఫోను చుట్టూ మూగినట్టు శబ్దం.

"కప్పు మనకిస్తున్నారా టీచర్? మనదేనా?"

"ఇంకా కాదు. రేపు గెలవాల్సిన ఆట ఇంకోటి ఉంది. శ్రద్ధగా వినండి. పొద్దున ఎనిమిదింటికి బడి ముందు బస్సు. అందరూ జట్టు చొక్కాల్లో రావాలి, ఒక్కరూ ఆలస్యం కాకూడదు. పదింటికి లీగ్ మైదానంలో ఉపన్యాసాలు మొదలవుతాయి. దానికి ముందే నేనూ, సల్వా గారూ కప్పుని చెరో వైపు పట్టుకుని ద్రోరా గారి దగ్గరికి వెళ్తాం. జరిగింది జరిగినట్టు చెబుతాం. మీరు మా వెనకే వరసగా నిలబడండి. ఎవరూ మాట్లాడొద్దు, నవ్వొద్దు, నన్ను నమ్మండి."

"మేం చేతుల్లో ఏమైనా పట్టుకోవాలా టీచర్? పూలు?"

"పూలొద్దు. మీ చిన్నప్పటి బొమ్మలు ఇంకా ఉన్నాయా?"

 అవతల కిలకిలమని ఒకేసారి నవ్వులు.

"ఉన్నాయి టీచర్!"

"అయితే తీసుకురండి. ముక్కులు ఎదురుగా కనపడేలా పట్టుకోండి. పెర్లాని నేను తెస్తాను."